సౌత్ లేక్ తాహోలో ఇల్లు కొని ఎయిర్‌బీఎన్‌బీకి ఇవ్వొచ్చా? పర్మిట్ సంగతి తేలకుండా సంతకం పెట్టకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఫ్రీమాంట్‌లో ఉద్యోగం, కాలిఫోర్నియా-నెవాడా సరిహద్దులో తాహో సరస్సు ఒడ్డునున్న సౌత్ లేక్ తాహోలో మూడు బెడ్‌రూముల ఇల్లొకటి నచ్చింది. టూరిస్టులకు ఇళ్లు అద్దెకివ్వడం మీదున్న పాత నిషేధాన్ని కోర్టు కొట్టేసింది, సిటీ కౌన్సిల్ మళ్లీ పర్మిట్లు ఇస్తోంది, ఇక భయం లేదని ఏజెంటు అన్నారు. వారాంతాల్లో అద్దెకిచ్చి ఆ డబ్బుతో నెలవాయిదా కట్టేసుకుని, ఖాళీ ఉన్నప్పుడు మనమే పిల్లలతో వెళ్లి రావచ్చా అని.

సూటిగా చెప్పేస్తాను. ఒక్క రూపాయి అద్దె రాకపోయినా మీ జీతాలతో వాయిదా కట్టుకోగలరా? అయితే కొనండి. అద్దె మీదే లెక్క వేసుకుంటే వద్దు. ఏజెంటు చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే. కోర్టు నిషేధాన్ని కొట్టేసిన మాట నిజం, కౌన్సిల్ కొత్త నిబంధనలు తెచ్చిన మాటా నిజం. కానీ మీరు చూసిన ఆ ఇంటికి పర్మిట్ వస్తుందా, వచ్చినా ఐదేళ్లు ఉంటుందా అన్నది వేరే విషయం, దాని గురించి ఆయన ఏమీ చెప్పలేదు.

నేను సాక్రమెంటోలో ఉంటాను. తాహో చుట్టుపక్కల వేరేవాళ్ల ఇళ్లు చూసిపెట్టడం నా పని. అతిథులకు తాళాలు, మంచు తీయించడం, పగిలిన పైపులు, అర్ధరాత్రి పక్కింటివాళ్ల ఫోన్లు, అన్నీ నా నెత్తినే. ఈ పనిలో ఉన్నవాడికి కౌన్సిల్ మీటింగులు వినకుండా కుదరదు, సీరియల్‌లా వింటాను. లాయరును మాత్రం కాదు, కాబట్టి సంతకాల ముందు లాయరుకు చూపించుకోండి.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ఈ ఊళ్లో ఇప్పటి నిర్ణయాలన్నీ 2018 నుంచి మొదలైన గొడవకు కొనసాగింపే.

సౌత్ లేక్ తాహో అంటే ఇరవై ఒక్క వేల చిల్లర జనాభా ఉన్న ఊరు, సిటీ హోదా వచ్చింది 1965లో. ఐదుగురు కౌన్సిల్ సభ్యులు, మేయర్ వాళ్లలోంచే వంతులవారీగా వస్తారు. అంటే మూడు చేతులు పైకి లేస్తే ఒక నిర్ణయం అయిపోతుంది. రెండేళ్లకోసారి కొన్ని సీట్లకు ఎన్నికలు వస్తాయి. ఇంత చిన్న ఊళ్లో ఇళ్లలో నలభై శాతానికి పైగా ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగానో, సెలవులకు మాత్రమే వాడుకుంటూనో ఉంటాయి. హోటల్లో గదులు సర్దే అమ్మాయికి, స్కీ లిఫ్టు దగ్గర పనిచేసే కుర్రాడికి అద్దెకు ఇల్లు దొరకదు. ఇంకోపక్క ఊరి ఖజానాకు టూరిస్టుల పన్నే పెద్ద ఆధారం. ఈ రెండింటి మధ్య కౌన్సిల్ ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది, ఎవరు గెలిచినా.

2018 నవంబరులో మెజర్ టి అని, ఊరి ఓటర్లే నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదన ఒకటి బ్యాలెట్ మీదకొచ్చింది. నివాస ప్రాంతాల్లో వెకేషన్ హోమ్ రెంటల్స్ (అక్కడివాళ్లు వీహెచ్ఆర్ అంటారు) 2021 చివరికల్లా మూసేయాలి, స్టేట్‌లైన్ (నెవాడా సరిహద్దు) దగ్గర హోటళ్లుండే టూరిస్ట్ కోర్‌లోనూ కమర్షియల్ జోన్లలోనూ మాత్రం ఉండొచ్చు అన్నది దాని సారాంశం. ఎంత తేడాతో నెగ్గిందో తెలుసా? 58 ఓట్లు. అవును, యాభై ఎనిమిదే. అంత తక్కువ తేడాతో వందల మంది ఇళ్ల ఆదాయం ఆగిపోయింది. ఆ ఇళ్ల ఓనర్లలో చాలామంది మీలాగే బే ఏరియాలోనో సాక్రమెంటోలోనో ఉండేవాళ్లు. వాళ్లకు అక్కడ ఓటు లేదు. పన్ను కడతారు, ఓటు వేయలేరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

ఓనర్లు కోర్టుకెళ్లారు. మెజర్ టిలో ఒక మినహాయింపు ఉంది: ఊళ్లోనే స్థిరంగా కాపురం ఉండేవాళ్లు తమ ఇంటిని ఏడాదికి 30 రోజుల వరకు టూరిస్టులకు ఇచ్చుకోవచ్చు. 2023 జూన్‌లో అప్పీలు కోర్టు ఈ మినహాయింపు దగ్గర పట్టుకుంది. ఊరివాళ్లకో రూలు, బయటి రాష్ట్రాల వాళ్లకో రూలు పెట్టడం రాష్ట్రాల మధ్య వ్యాపారంలో వివక్ష, రాజ్యాంగం ఒప్పుకోదు అంది. ఆ ఒక్క ముక్క తీసేసి మిగతాది ఉంచొచ్చా లేదా తేల్చమని కింది కోర్టుకు పంపింది. 2025 మార్చిలో ఆ కింది కోర్టు, అంటే ఊరు ఉండే ఎల్ డొరాడో కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు, విడదీయడం కుదరదు, మొత్తం చెల్లదు అని తేల్చేసింది.

ఇక్కడే అందరూ పొరబడుతున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో "తాహోలో ఎయిర్‌బీఎన్‌బీ మళ్లీ ఓపెన్" అని తిరిగింది కదా, ఆ తీర్పును జాగ్రత్తగా చదవండి. సిటీ వెకేషన్ రెంటల్స్‌ను నిషేధించకూడదని ఏ కోర్టూ అనలేదు. నిషేధం రాసిన తీరులో ఒక లోపం ఉందని మాత్రమే అన్నారు. పైగా అదే 2023 తీర్పులో, పర్మిట్ ఉన్న ఓనర్లకు దాన్ని కొనసాగించుకునే శాశ్వత హక్కేమీ లేదన్న సిటీ వాదనే నిలబడింది. అంటే రేపు ఇంకొకరు ఆ మినహాయింపు లేకుండా, అందరికీ ఒకే రూలుగా శుభ్రంగా రాసి బ్యాలెట్ మీద పెడితే? నెగ్గితే నిలబడే అవకాశం బాగానే ఉంది. నా మటుకు నేను క్లయింట్లకు, ఇది మళ్లీ రావచ్చన్న లెక్కతోనే ఉండమని చెబుతున్నాను.

ఆ తీర్పు తర్వాత 2025లో కౌన్సిల్ ఊరికే కూర్చోలేదు. ఇష్టం వచ్చినట్టు వదిలేస్తే ఊరివాళ్లు ఊరుకోరు, పూర్తిగా ఆపితే మళ్లీ కోర్టు. అందుకని మధ్యేమార్గంగా కొత్త ఆర్డినెన్స్ (ఊరి స్థాయి చట్టం) తెచ్చారు. నివాస ప్రాంతాల్లో పర్మిట్లకు ఒక గరిష్ఠ సంఖ్య పెట్టారు, ఒక వీహెచ్ఆర్‌కూ ఇంకోదానికీ మధ్య 150 అడుగుల దూరం ఉండాలన్నారు. నా దృష్టిలో సంఖ్య కంటే ఆ దూరమే మీకు ముఖ్యం. అక్కడ ప్లాట్లు చిన్నవి. 150 అడుగులంటే అటు రెండిళ్లు, ఇటు రెండిళ్లు, వీధికి ఎదురుగా, వెనక వరస, అన్నీ వచ్చేస్తాయి. వాళ్లలో ఒక్కరు ముందు పర్మిట్ తీసుకుని ఉంటే మీ పని అయిపోయినట్టే. ఇల్లు ఎంత బాగున్నా, మీ రికార్డు ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు.

నాకు తెలిసిన ఒకాయన, గుంటూరు వైపు మనిషి, శాన్ హొసేలో పనిచేస్తాడు. లిస్టింగులో "వెకేషన్ రెంటల్‌కు అనువైనది" అని రాసి ఉంది. ఆ వాక్యం చూసి కొన్నాడు. ఆ ఏజెంటు పేరు అనవసరం. నిజానికి ఆ వాక్యంలో చట్టపరంగా తప్పేమీ లేదు, "అనువైనది" అంటే పర్మిట్ ఉందనో వస్తుందనో కాదుగా. ఎస్క్రో మూసేశాక, అంటే కొనుగోలు పూర్తయ్యాక, నన్ను పిలిచాడు, డెక్ మీద నిలబడి హాట్ టబ్ ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నాడు. నేను చూస్తున్నది మాత్రం వెనక ఇంటి గోడకు కొట్టిన చిన్న బోర్డు: పర్మిట్ నంబరు, ఫిర్యాదు చేయాలంటే ఫోన్ నంబరు. రెండు పైన్ చెట్ల అవతలే. దూరం కొలవాల్సిన పని కూడా లేకపోయింది. ఇప్పుడు ఆ ఇల్లు చలికాలం మొత్తానికి ఒకే బృందానికి ఇస్తున్నాడు, వాయిదాలో ఓ భాగమే తిరిగొస్తోంది. కోపం పోయింది కానీ, కలిసినప్పుడల్లా ఆ బోర్డు మాట ఎత్తుతాడు.

కాబట్టి ఆఫరు పెట్టకముందే సిటీ ప్లానింగ్ విభాగానికి ఆ పార్సిల్ నంబరుతో ఈమెయిల్ చేయండి. "ఈ చిరునామా ఏ జోన్‌లో ఉంది, 150 అడుగుల లోపల ఇప్పటికే పర్మిట్ ఉందా, దరఖాస్తు పెండింగులో ఉందా" అని. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ఆగండి. ఫోన్లో చెప్పిన మాట రేపు పనికిరాదు. ఆఫరులో కంటింజెన్సీ (వెనక్కి తగ్గే షరతు) పెట్టించుకోండి, పర్మిట్‌కు అర్హత లేదని తేలితే డిపాజిట్ వెనక్కి వచ్చేలా. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే దాన్నిబట్టే మీకు కొంత తెలుస్తుంది.

ఇంకో మెలిక. అమ్మేవాళ్లకు ఇప్పటికే పర్మిట్ ఉంటుంది, "చూడండి, నడుస్తున్న వ్యాపారం" అని బుకింగుల క్యాలెండర్ చూపిస్తారు. పర్మిట్ ఇంటిని అంటిపెట్టుకుని రాదు, ఓనర్ మారితే కొత్తగా మొదలుపెట్టుకోవాల్సిందే అనుకుని లెక్క వేసుకోండి. ఎస్క్రో మూసేసిన మర్నాడు వచ్చే అతిథుల బుకింగులు కూడా మీవి కాదు. వాటిని మీ ఖాతాలోకి మార్చుకుని నడిపేస్తే మొదటి నెలలోనే జరిమానాతో స్వాగతం పలుకుతారు.

అసలు ఇంతకంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది, మనవాళ్లలో పదికి తొమ్మిది మంది చూడరు. చిరునామాలో "సౌత్ లేక్ తాహో, 96150" అని ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు సిటీలో ఉన్నట్టు కాదు. పక్కనే ఉన్న మేయర్స్ (Meyers) అనే ఊరి వైపు ఇళ్లకు కూడా అదే ఊరి పేరు, అదే పిన్ కోడ్ వస్తుంది, కానీ అవి సిటీ హద్దుకు బయట, ఎల్ డొరాడో కౌంటీ కింద ఉంటాయి. అక్కడ కౌన్సిల్ మాట చెల్లదు. కౌంటీ రూల్స్ వేరు: తాహో బేసిన్‌లో మొత్తం 900 పర్మిట్ల పరిమితి, ఇళ్ల మధ్య 500 అడుగుల దూరం. 150 ఎక్కడ, 500 ఎక్కడ! స్టేట్‌లైన్ దాటి నెవాడాలోకి వెళితే డగ్లస్ కౌంటీ, వాళ్లకు 600 పరిమితి. ఉత్తరాన ప్లేసర్ కౌంటీలో 3,900. ట్రకీ ఊళ్లో 1,255, పైగా అక్కడ కొత్తగా కొన్నవాళ్లు ఏడాది ఆగితే గానీ దరఖాస్తు పెట్టుకోవడానికి లేదు. సరస్సు ఒకటే, దాని చుట్టూ ఇన్ని రాజ్యాలు. మీరు మెసేజిలో చెప్పిన వీధి పేరునుబట్టి అది ఎటువైపుదో నాకు అంతుపట్టలేదు, కౌంటీ అసెసర్ (ఆస్తిపన్ను లెక్కలు చూసే ఆఫీసు) మ్యాపులో చూసుకోండి.

దీని మీద తాహో రీజనల్ ప్లానింగ్ ఏజెన్సీ ఒకటి. రెండు రాష్ట్రాలు కలిసి 1969లో పెట్టుకున్న సంస్థ, సరస్సు నీళ్లు పాడవకుండా చూడటం వాళ్ల పని. డెక్ కొంచెం పెంచుదాం, ఇంకో కారుకు కాంక్రీటు పోద్దాం అనుకుంటే వాళ్ల కవరేజ్ లెక్క అడ్డమొస్తుంది. స్థలంలో ఎంత శాతం కప్పొచ్చో కచ్చితంగా ఉంటుంది, మీరు కొనే పాత ఇల్లు ఇప్పటికే ఆ హద్దు దాటేసి ఉండటం మామూలే. కాబట్టి "కొన్నాక ఇంకో గది కలుపుతాం" అన్న ప్లాను ఉంటే ఇప్పుడే మానుకోండి.

సరే, పర్మిట్ వచ్చిందనే అనుకుందాం. అది ఎంత కాలం? మీరు మళ్లీ కౌన్సిల్ దగ్గరికే రావాలి. రెండు రకాల రూల్స్ ఉంటాయి, తేడా తెలుసుకోండి. కౌన్సిల్ తనంతట తాను చేసిన ఆర్డినెన్స్‌ను రేపు అదే కౌన్సిల్ మార్చుకోవచ్చు: ఒక మీటింగులో మొదటిసారి చదువుతారు, ఇంకో మీటింగులో రెండోసారి, ఆపై 30 రోజులకు అమల్లోకి వస్తుంది. ఇప్పుడు మీకు అనుకూలంగా ఉన్నది ఈ రకం. రెండోది జనం సంతకాలు పెట్టి బ్యాలెట్ మీదకు తెచ్చింది, మెజర్ టి లాంటిది. అది నెగ్గితే కౌన్సిల్ ఐదుగురూ ఒకే మాట మీద ఉన్నా మార్చలేరు, మళ్లీ ఓటర్ల దగ్గరికే పోవాలి. అలాంటిది బ్యాలెట్ ఎక్కాలంటే రిజిస్టరైన ఓటర్లలో పది శాతం సంతకాలు చాలు. అంత చిన్న ఊళ్లో అది పెద్ద సంఖ్యేమీ కాదు, వేసవిలో రెండు సూపర్‌మార్కెట్ల ముందు బల్లలు వేసుకుని కూర్చుంటే అయిపోతుంది.

2024లో అచ్చం అలాగే ఇంకోటి వచ్చింది, మెజర్ ఎన్. ఏడాదిలో 182 రోజులకు మించి ఖాళీగా ఉన్న ఇంటికి మొదటి ఏడాది 3,000 డాలర్లు, తర్వాత ఏటా 6,000 డాలర్లు పన్ను. ఆ డబ్బుతో స్థానికులకు ఇళ్లు కట్టడం, రోడ్లు బాగుచేయడం వగైరా. నవంబరులో చిత్తుగా ఓడిపోయింది, డెబ్బై శాతానికి పైగా వద్దన్నారు. రియల్టర్ల సంఘాలు దానికి వ్యతిరేకంగా బాగా డబ్బు కుమ్మరించాయి. కానీ డబ్బొక్కటే కారణం అనుకోను. ఇంట్లో ఎన్ని రోజులున్నామో సిటీకి లెక్క చెప్పుకోవడమేంటి అని సొంత ఇంట్లో ఉండే మామూలు జనానికి కూడా చిరాకేసింది. మా దగ్గర మంచు తీసే పెద్దాయన పుట్టింది పెరిగింది అక్కడే, వీహెచ్ఆర్‌లంటే ఆయనకు ఒళ్లు మంట. ఆయన కూడా ఎన్‌కు వద్దనే ఓటేశాడు.

మీకు దీంతో ఏం పని అంటే, పర్మిట్ రాకుండా మీరు ఏడాదికి ఇరవై ముప్పై రోజులు వాడుకునే ఇల్లు సరిగ్గా ఆ పన్ను పడే ఇల్లు. ఈసారి ఓడింది. ఇళ్ల కొరత తీరలేదు కాబట్టి ఇంకో రూపంలో రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వచ్చినప్పుడు మీకు ఓటు ఉండదు.

మనవాళ్లలో ఒక ధీమా ఉంటుంది, ఊళ్లో అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు కొనేసి "ఎప్పటికైనా ఎల్ఆర్ఎస్ వస్తుందిలే, ఫీజు కట్టేసి రెగ్యులరైజ్ చేయించుకుందాం" అనుకున్నట్టు. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు. పర్మిట్ లేకుండా నడిపేవాళ్లను పట్టుకోవడానికి వెబ్‌సైట్లలో లిస్టింగులు వెతికే సాఫ్ట్‌వేర్లున్నాయి. దానికి తోడు పక్కింటివాళ్లున్నారు. సాఫ్ట్‌వేర్ కంటే వాళ్లే ఫాస్టు.

పక్కింటివాళ్ల మాట వచ్చింది కాబట్టి రోజువారీ రూల్స్ గురించి కొంచెం. మీ చుట్టాలు వచ్చినా మీరే బాధ్యులు, అతిథులు వచ్చినా మీరే బాధ్యులు. మెజర్ టికి ముందున్న రూల్స్‌లోనే ఒక్కో ఉల్లంఘనకు వెయ్యి డాలర్ల జరిమానా ఉండేది, ఉన్న అతిథికి ఒకటి, ఓనర్‌కు ఒకటి. రాత్రి పది దాటాక హాట్ టబ్‌లో కూర్చున్నా, కారు వీధిలో పెట్టినా అంతే. ఇప్పటి పట్టిక పర్మిట్ దరఖాస్తుతోపాటు ఇస్తారు, పూర్తిగా చదవండి.

మన కుటుంబాలతో వచ్చే సమస్య తలల లెక్క. మూడు బెడ్‌రూముల ఇంటికి ఆరుగురని బుక్ చేసుకుంటారు, శుక్రవారం రాత్రి మూడు మినీవ్యాన్లు దిగుతాయి, గుమ్మం ముందు ఇరవై జతల చెప్పులు బూట్లు కనిపిస్తాయి. లోపల అంతాక్షరి. డ్రైవ్‌వేలో రెండు కార్లే పడతాయి కాబట్టి మూడోది వీధిలో. ఆ రాత్రి మంచు పడితే తెల్లారుజామున మంచు తోసే ప్లౌ బండి వస్తుంది, వీధిలో కారు ఉంటే దానికి టికెట్, ఒక్కోసారి టోయింగ్. ప్లౌ పోతూపోతూ డ్రైవ్‌వే మూతికి నడుమెత్తు గట్టిమంచు గోడ కట్టేసి పోతుంది, మిగతా రెండు కార్లూ లోపలే ఇరుక్కుపోతాయి. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది. పొడిమంచు కాదది, ఇనుప పార వంగిపోతుంది. ఇదంతా ఒక్కరోజు తమాషా అనుకోకండి, మంచి చలికాలం అయితే వారానికి రెండుసార్లు. మంచు తీసేవాళ్లతో సీజన్ కాంట్రాక్టు అక్టోబరులోపే కుదుర్చుకోవాలి, డిసెంబరులో అడిగితే ఎవరూ ఫోన్ ఎత్తరు.

ఎలుగుబంట్లు సరే సరి. చెత్తకు ఇనుప బేర్ బాక్స్ ఉండాలి. అంతకంటే ముఖ్యం, కారులో తినేవి వదలకూడదని అతిథులకు పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. ఒకసారి ఒక కుటుంబం పులిహోర డబ్బా వెనక సీట్లో మర్చిపోయింది. అక్కడి ఎలుగుబంట్లకు కారు తలుపు హ్యాండిల్ లాగడం వచ్చు. ఎక్కాక తలుపు దానంతటదే మూసుకుపోతే లోపల సీట్లు, డ్యాష్‌బోర్డు పీలికలే. పులిహోర మాత్రం పూర్తిగా తినేసింది.

అన్నట్టు, కౌన్సిల్ నిర్ణయాల్లో మీ అతిథులకు వెంటనే తగిలేది ఇంకోటుంది. 2024 ఏప్రిల్ 22 నుంచి ఊళ్లో గ్యాలన్ కంటే చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అమ్మకూడదు. నిషేధం అమ్మకం మీదే, కాస్ట్‌కోలో కొన్న కేసు కారులో పెట్టుకొస్తే ఎవరూ ఆపరు. అయినా ఎందుకండీ, కుళాయి నీళ్లే బ్రహ్మాండంగా ఉంటాయి. ఇంట్లో నాలుగు స్టీలు సీసాలు పెట్టేయండి.

ఇన్సూరెన్సు గురించి మీరు అడగలేదు, నేనైతే అదే ముందు అడిగేవాణ్ని. 2021లో కాల్డోర్ మంటలు వచ్చినప్పుడు ఆగస్టు 30న ఊరు ఊరంతా ఖాళీ చేయించారు, హైవే 50 మీద కార్లు కదల్లేదు. ఊళ్లో ఇళ్లు దక్కాయి, కానీ ఇన్సూరెన్సు కంపెనీలు అప్పటికే అడవి పక్క ఇళ్లంటే వెనకాడుతున్నాయి, తర్వాత ఇంకా బిగుసుకున్నాయి. చాలామంది చివరికి, మామూలు కంపెనీలు కాదన్నవాళ్లకు దిక్కయిన కాలిఫోర్నియా ఫెయిర్ ప్లాన్‌కు పోతున్నారు. అది ప్రధానంగా అగ్నిప్రమాదానికే. అతిథి మెట్ల మీద జారిపడి కేసు వేస్తే అందులో రాదు, దానికి పక్కన ఇంకో పాలసీ తీసుకోవాలి. పైగా టూరిస్టులకు ఇస్తున్నట్టు కంపెనీకి చెప్పి తీరాలి, దాస్తే క్లెయిము రోజున బయటపడుతుంది. ఆఫరు పెట్టేముందే కొటేషన్ తెప్పించుకోండి, కొందరికి ఆ అంకె చూశాక కొనాలన్న ఉత్సాహమే చల్లబడింది.

లోన్ విషయంలో కూడా ఒక చిక్కుంది. సెకండ్ హోమ్ లోన్ వడ్డీ కొంచెం తక్కువ ఉంటుందని అదే తీసుకుంటారు. ఆ లోన్‌కు అర్హత చూసేటప్పుడు రాబోయే అద్దెను ఆదాయంగా లెక్కలోకి తీసుకోరు, ఇల్లు ప్రధానంగా మీ వాడకానికే ఉండాలి. పూర్తిగా అద్దె కోసమే అయితే ఇన్వెస్ట్‌మెంట్ లోన్, డౌన్‌పేమెంట్ ఎక్కువ, వడ్డీ ఎక్కువ. లెండర్‌కు ఒకటి చెప్పి ఇంకోటి చేయకండి. పన్నుల వైపు చూస్తే, మీరు సొంతంగా ఏడాదికి 14 రోజులు గానీ అద్దెకిచ్చిన రోజుల్లో పది శాతం గానీ, ఏది ఎక్కువైతే అది దాటి వాడుకుంటే నష్టాలు చూపించుకోవడానికి హద్దులొస్తాయి. "మిగతా రోజుల్లో మేమే వెళ్తాం" అన్నారు కదా, ఆ రోజులు ఎన్నో ముందే సీపీఏతో (పన్నుల అకౌంటెంటు) కూర్చుని తేల్చుకోండి.

మరి పర్మిట్ రాదని తేలితే ఇల్లు దండగేనా? కాదు. 30 రోజులకు మించి ఒకే మనిషికి ఇస్తే అది వెకేషన్ రెంటల్ కిందికి రాదు. అక్కడ స్కీ లీజ్ అని చాలాకాలంగా ఉన్న పద్ధతి: నవంబరు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక నలుగురైదుగురు స్నేహితులు కలిసి మొత్తం సీజనుకు తీసుకుంటారు. రాబడి తక్కువే, కానీ వారం వారం దుప్పట్లు మార్చే పని ఉండదు, పక్కింటివాళ్లకు మొహాలు అలవాటవుతాయి, రివ్యూల గోల లేదు. వేసవి మీకు మిగులుతుంది, నిజం చెప్పాలంటే పిల్లలతో తాహో వెళ్లాల్సింది వేసవిలోనే. కొన్ని నెలల కాంట్రాక్టుల మీద ఊళ్లు మారుతూ పనిచేసే నర్సులు మూడు నెలల లీజుకు అడుగుతుంటారు, ఊళ్లో ఆసుపత్రి ఉంది కాబట్టి. ఏడాది పొడుగునా స్థానికులకే ఇచ్చేస్తే ఇంకా నిశ్చింత, మీరు వాడుకోవడం మాత్రం ఉండదు. ఒకవేళ గ్యారంటీగా వెకేషన్ రెంటలే కావాలంటే టూరిస్ట్ కోర్‌లో కాండో చూడండి, మెజర్ టి ఉన్న రోజుల్లో కూడా అక్కడ ఆగలేదు. దాంట్లో హెచ్ఓఏ (ఓనర్ల సంఘం) నిబంధనలు చదవాలి. సిటీ సరేనన్నా హెచ్ఓఏ వద్దంటే వద్దే, నెలనెలా కట్టే ఫీజు కూడా తక్కువేం కాదు.

చివరగా ఒక అలవాటు చేసుకోమంటాను, కొన్నా కొనకపోయినా. కాలిఫోర్నియాలో మామూలు మీటింగు అజెండాను కనీసం 72 గంటల ముందు బయట పెట్టాలని చట్టం. సౌత్ లేక్ తాహో సిటీ వెబ్‌సైట్‌లో ఈమెయిల్ ఇస్తే మీకే వచ్చేస్తుంది. అందులో శీర్షికలు చూసి వదిలేయకండి, కింద ఉండే స్టాఫ్ రిపోర్టు తెరవండి. ఎన్ని పర్మిట్లు ఇచ్చారు, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, తర్వాత ఏం మార్చాలనుకుంటున్నారు, అంతా అందులో ఉంటుంది. కన్సెంట్ క్యాలెండర్ అని ఒక భాగం ఉంటుంది, చర్చ లేకుండా గంపగుత్తగా పాస్ చేసేవి. ఫీజులు పెంచడం లాంటివి ఒక్కోసారి అక్కడే సైలెంటుగా వెళ్లిపోతాయి. ఓటు లేకపోయినా మీరు మాట్లాడొచ్చు, ఉత్తరం రాయొచ్చు. మాట్లాడితే "నా పెట్టుబడి, నా ఆదాయం" అని మొదలుపెట్టకండి. అలా మొదలుపెట్టినవాళ్లను వెనక వరసలో కూర్చున్న ఊరివాళ్లు ఎలా చూస్తారో నేను చూశాను. పార్కింగ్, చెత్త, రాత్రి చప్పుళ్ల విషయంలో మీరేం చేస్తున్నారో చెప్పండి, అది వింటారు.

ముందు ఆ ఇల్లు సిటీలో ఉందో కౌంటీలో ఉందో చూసి చెప్పండి. సిటీ అయితే ప్లానింగ్ వాళ్ల జవాబు వచ్చాక వ్యక్తిగత వివరాలు తీసేసి ఇక్కడ పెట్టండి, దానిమీద మాట్లాడదాం. మేయర్స్ వైపు అయితే 500 అడుగుల లెక్క కాబట్టి నా సలహా ఇప్పుడే చెప్పేస్తున్నా: అద్దె ఆదాయం సున్నా అని రాసుకుని, అప్పుడు కూడా ఆ ధర గిట్టుబాటు అవుతుందేమో చూడండి.